క్రిస్మస్‌కు అండమాన్: అత్తయ్యకు ఆరాధన తప్పకూడదు, పిల్లలకు సముద్రం కావాలి

గంటస్తంభం (విజయనగరం):

అందరికీ నమస్కారం. నేను విజయనగరంలో ఒక మిషన్ స్కూల్లో లెక్కలు చెబుతాను. మిగతా బడులకు దసరాకు ఎక్కువ సెలవులు వస్తే మాకు క్రిస్మస్‌కు వస్తాయి. పిల్లలిద్దరూ మా బడిలోనే చదువుతున్నారు కాబట్టి డిసెంబరు ఆఖరి వారమంతా ముగ్గురికీ తీరికే. మా వారికి మాత్రం ఆదివారం, క్రిస్మస్ కలుపుకున్నా వారం రోజులకు మించి సెలవు దొరకదు. ఈసారి ఆ వారం అండమాన్‌లో గడపాలని ఇంట్లో తీర్మానమైంది. తీర్మానం అంటే పిల్లలు చేతులెత్తారు, మా వారు తల ఊపారు, అత్తయ్య షరతు పెట్టారు.

షరతు ఒక్కటే. 25 ఉదయం చర్చిలో కూర్చోవాలి, వాక్యం తెలుగులో వినాలి. అత్తయ్యకు డెబ్బై రెండేళ్ళు. కోడలిగా ఈ ఊరు వచ్చిన నాటి నుంచి క్రిస్మస్ ఆరాధన మానింది లేదు. మోకాళ్ళ నొప్పులున్నాయి. మెట్లు ఎక్కగలరు గానీ దిగడం కష్టం. నీళ్ళలోకి రారు, ఒడ్డున కుర్చీ వేస్తే మాత్రం పొద్దుగూకే దాకా కదలరు. పెద్దవాడికి పదమూడేళ్ళు, నీళ్ళలో తల ముంచి పగడాలు చూడాలట, ఈత మాత్రం రాదు. చిన్నదానికి ఏడేళ్ళు. అరకు వెళ్ళేటప్పుడు అనంతగిరి రాకముందే వాంతులు మొదలుపెట్టే పిల్ల. ఇక బోటు అంటే నాకు దడ పుట్టదా?

విశాఖలో ఒక ట్రావెల్ ఏజెంటు ఐదు రాత్రుల పట్టిక రాసిచ్చాడు. 23 మధ్యాహ్నం దిగగానే సెల్యులార్ జైలు, సాయంత్రం కార్బిన్స్ కోవ్ బీచ్. 24 తెల్లవారకముందే బారాటాంగ్ గుహలు. 25 పొద్దున్నే బోటులో హేవ్‌లాక్, రాత్రి హోటల్లో క్రిస్మస్ విందు. తిన్నా తినకపోయినా ఆ విందుకు మనిషికింత అని కట్టి తీరాలి. 26 ఎలిఫెంట్ బీచ్, అదే సాయంత్రం నీల్ దీవి. 27 నీల్ చూసి వెనక్కి. 28 విమానం. మరి ఆరాధన సంగతి ఏమిటని అడిగితే, ‘అక్కడ కూడా చర్చిలుంటాయి మేడమ్’ అని ఫోను పెట్టేశాడు.

ఈ పట్టిక మా ఇంటికి సరిపోతుందా? తెలుగు ఆరాధన దొరుకుతుందా? విశాఖ నుంచి ఓడ ఉందంటున్నారు, అది మేలా? ఇంకొకటి. మా అన్నయ్య ‘సముద్రం చూడటానికి అంత దూరం ఎందుకు, చింతపల్లి బీచ్‌కు వెళ్తే సాయంత్రానికి ఇంట్లో ఉంటారు’ అని కనిపించినప్పుడల్లా అంటున్నాడు. ఆయనకు చెప్పడానికి ఒక జవాబు కూడా ఇప్పించండి.

బొబ్బిలి వీణ (బొబ్బిలి):

ఓడ మాట వదిలేయండి. విశాఖ నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు ఓడ నడిచే మాట నిజమే. అయితే అది రోజూ ఉండేది కాదు, తేదీ కూడా చాలా ముందుగా ఖరారు కాదు. ఒక వైపు ప్రయాణానికే రెండున్నర రోజులకు అటూ ఇటూగా పడుతుంది. మీ వారి సెలవంతా నడిసముద్రంలోనే అయిపోతుంది. చిన్నపాప సంగతి మీరే చెప్పారు.

విమానమే దారి. విశాఖ నుంచి నేరుగా దొరికితే అదృష్టం, లేకపోతే చెన్నై, కోల్‌కతా, హైదరాబాద్ ఏదో ఒకటి మీదుగా వెళ్ళాలి. మధ్యలో విమానం మారేటప్పుడు పెద్దావిడకు చక్రాల కుర్చీ కావాలని టికెట్ కొనేటప్పుడే రాయించండి, విడిగా డబ్బు తీసుకోరు. టికెట్ మీద పోర్ట్ బ్లెయిర్ బదులు శ్రీవిజయపురం అని కనిపిస్తే కంగారు పడకండి, 2024లో పేరు మార్చారు. హేవ్‌లాక్ ఇప్పుడు స్వరాజ్ ద్వీప్, నీల్ షహీద్ ద్వీప్. అక్కడ అందరూ ఇంకా పాత పేర్లతోనే పిలుస్తారు. లక్షద్వీప్‌కు కావలసినట్టు మీరు వెళ్ళే ఈ దీవులకు మనకు ప్రత్యేక అనుమతి పత్రం అక్కర్లేదు. అందరి ఆధార్ కార్డులూ దగ్గర ఉంచుకోండి, పిల్లలవి కూడా. బోటు టికెట్‌కు కూడా అడుగుతారు.

బారువ తీరం (సోంపేట):

అమ్మా, ఆ పట్టిక రాసినవాడు అండమాన్‌ను మ్యాపులో చూశాడు గానీ గడియారంలో చూడలేదు.

నేను పుట్టింది బారువ దగ్గర. ఉద్యోగం పోర్ట్ బ్లెయిర్ హార్బర్లో చేసి, రిటైరయ్యాక సోంపేట వచ్చి స్థిరపడ్డాను. తమ్ముడి కుటుంబం ఇంకా అక్కడే ఉంది. అందుకని కాస్త ఎక్కువే మాట్లాడతాను, ఓర్చుకోండి.

ముందు పొద్దు సంగతి. ఆ దీవులు మనకు బాగా తూర్పున ఉన్నా గడియారం మాత్రం మనదే. డిసెంబరు చివర్లో ఐదూ ముప్పావుకల్లా పొద్దు పొడుస్తుంది, సాయంత్రం ఐదు దాటిన కాసేపటికే గూకుతుంది. ఐదున్నరకు మసక చీకటి. ఏజెంటు పట్టికలో ‘సాయంత్రం’ అని ఉన్న చోటల్లా చీకటి అని చదువుకోండి. మధ్యాహ్నం విమానం దిగి, సామాను తీసుకుని, హోటలుకు చేరి, అన్నం తినేసరికి మూడవుతుంది. జైలు చూడటానికి రెండు గంటలు కావాలి. ఇక కార్బిన్స్ కోవ్‌లో మీకు కనిపించేది వీధిదీపాలే. అక్కడ బాగా తిరగాలంటే తొమ్మిదింటికి పడుకుని ఐదింటికి లేవాలి. మీ అత్తగారికి అది కొత్త కాదనుకుంటాను. మిగతావాళ్ళను ఆవిడే లేపుతారు.

బారాటాంగ్‌ను కొట్టేయండి. రాత్రి మూడింటికి లేచి జిర్కాటాంగ్ చెక్‌పోస్టు దగ్గర వరుసలో నిలబడాలి. అక్కడి నుంచి జారవా తెగవారి రక్షిత అడవి గుండా బండ్లన్నిటినీ పోలీసు కాపలాతో గుంపుగా పంపుతారు. దారిలో ఆపకూడదు, ఫోటో తీయకూడదు, ఎవరికీ ఏమీ ఇవ్వకూడదు, కాదంటే కేసు. తర్వాత మడ అడవుల మధ్య పడవ, ఆ తర్వాత సున్నపురాయి గుహల దాకా రాళ్ళదారిలో నడక. మీ అత్తగారి మోకాళ్ళకు అది కుదరదు, మీ పాప కడుపుకు ఆ బండి ప్రయాణం కుదరదు. ఇంకో మాట కూడా ఉంది. ఆ దారిలో జనం కిటికీలకు ఎందుకు అతుక్కుపోతారో నేను చాలాసార్లు చూశాను. అడవిలో తమ మానాన తాము బతికే మనుషులను చూడటానికి డబ్బు కట్టి వెళ్ళడం నాకు నచ్చదు. గుహలు మన బొర్రాలోనూ ఉన్నాయి.

అక్కడ మీరు చూడవలసినవి రెండే చోట్లు, పోర్ట్ బ్లెయిర్, ఒక్క దీవి. ఐదు రాత్రులను ఆరు చేయండి. మూడు రాత్రులు పోర్ట్ బ్లెయిర్లో, రెండు దీవిలో, ఆఖరి రాత్రి మళ్ళీ పోర్ట్ బ్లెయిర్లో. ఆ ఆఖరి రాత్రి ఎందుకో చెబుతాను. బంగాళాఖాతంలో వాయుగుండం పడిందంటే బోట్లు కదలవు. మన మీదికి వచ్చే తుఫాన్లు చాలావరకు ఆ దీవుల చుట్టుపక్కల నుంచే బయలుదేరుతాయి. 2014లో హుద్‌హుద్ ముందు అండమాన్ మీదుగా దాటి, ఆ తర్వాత మన విశాఖకు వచ్చింది. డిసెంబరు ఆఖరి వారం మామూలుగా నెమ్మదిగానే ఉంటుంది. అయినా దీవి నుంచి పొద్దున బోటెక్కి అదే రోజు విమానం అందుకుందామని ఎవరు చెప్పినా వినకండి.

ఇక క్రిస్మస్. మీ అత్తగారికి దిగులు అక్కర్లేదని చెప్పండి. 2011 జనాభా లెక్కల్లో ఆ దీవుల్లో తెలుగు తమ భాష అని రాయించినవారు నూటికి పదమూడు మంది. వాళ్ళలో శ్రీకాకుళం వాళ్ళు తక్కువేమీ కాదు: సోంపేట, కవిటి, ఇచ్ఛాపురం, మందస పల్లెల నుంచి తరాల కిందటే చేపలవేటకూ కూలికీ వెళ్ళి అక్కడే ఇళ్ళు కట్టుకున్నారు. నమ్మకపోతే పొద్దున ఆరింటికి జంగ్లీఘాట్ చేపల జెట్టీకి వెళ్ళండి. గోనెపట్టా మీద సూర చేపను పెట్టి తల వేరు చేస్తూ ఒకావిడ ధర హిందీలో చెబుతుంది, బేరం తెగకపోతే పక్కావిడతో తెలుగులో విసుక్కుంటుంది. ఆ విసుగులో మీకు మన కళింగపట్నం సంత వినిపిస్తుంది. మీకు తెలుగు అర్థమవుతుందని ముందే చెప్పకండి, చేప కొన్నాక చెప్పండి.

తెలుగు ఆరాధన జరిగే చర్చిలు పోర్ట్ బ్లెయిర్లో ఒకటికి మించి ఉన్నాయి. కొన్నింట్లో 24 రాత్రి, కొన్నింట్లో 25 పొద్దున. ఏ చర్చికి వెళ్ళాలో హోటలువాళ్ళను అడగకండి, మీ పాస్టరుగారిని అడగండి. కెనడా బాప్టిస్టు మిషనరీల కాలం నుంచి బొబ్బిలి, విజయనగరం, టెక్కలి, పాలకొండ సంఘాలన్నీ ఒకదానికొకటి తెలిసినవే. ఎవరో ఒకరి మేనమామ అక్కడ ఉండే తీరతాడు. ఫోను నెంబరు పాస్టరుగారే తెచ్చిస్తారు. ఆరాధన అయ్యాక మిమ్మల్ని ఎవరో ఒకరు ఇంటికి పిలుస్తారు, వెళ్ళండి. అరిసెలు, జంతికలు, కోడికూర. మొహమాటానికి పోయి హోటలుకు వెళ్ళిపోతే మీ అత్తగారు మిమ్మల్ని క్షమించరు. అన్నట్టు, 25న పోర్ట్ బ్లెయిర్లోనే ఉంటే దీవి హోటల్లో ఆ తప్పనిసరి విందు బాధ కూడా తప్పుతుంది. పోర్ట్ బ్లెయిర్ హోటలువాళ్ళను మాత్రం గది తీసుకునేటప్పుడే అడిగి రాయించుకోండి.

24 పొద్దున సెల్యులార్ జైలుకు వెళ్ళండి. ఆ రోజు తెరిచి ఉంటుందో లేదో ముందే కనుక్కోండి, మూసి ఉంటే 23కో 25 మధ్యాహ్నానికో మార్చుకోండి. 1896లో మొదలుపెట్టి 1906కు కట్టారు. ఏడు భవనాలు చక్రంలా ఉండేవి, ఇప్పుడు మూడే మిగిలాయి. మీ అత్తగారు పై అంతస్తులు ఎక్కనక్కర్లేదు, కింది వరస గదులూ నూనె గానుగ ఆడించిన చోటూ చూస్తే చాలు. పెద్దవాడికి ఒక పని అప్పజెప్పండి. కాకినాడ బాంబు కేసులో శిక్షపడిన ప్రతివాది భయంకరాచారి ఈ జైల్లో గడిపారు. ఆయన పేరు వెతకమనండి. మన్యం పితూరీలో పట్టుబడినవాళ్ళలో కూడా కొందరిని ఈ దీవులకే పంపారు. చరిత్ర పాఠంలో ఆవలించే పిల్లలు కూడా ఆ గది తలుపు గొళ్ళెం దగ్గర ఆగిపోతారు. లోపలివాడి చెయ్యి అందకుండా గొళ్ళేన్ని పక్క గోడలోకి, దూరంగా పెట్టారు. మీ పెద్దవాడి చేత చెయ్యి పెట్టించి చూడండి.

మధ్యాహ్నం అబర్డీన్ జెట్టీ నుంచి రాస్ దీవికి పడవ ఉంటుంది, కొద్ది నిమిషాల ప్రయాణం. మీ పాపకు పెద్ద బోటుకు ముందు ఇదొక పరీక్ష అనుకోండి. అండమాన్‌లో బ్రిటిష్ వాళ్ళ రాజధాని అదే. ఇప్పుడు జింకలు తిరుగుతాయి. అక్కడి పాత చర్చికి పైకప్పు లేదు. చెట్ల వేళ్ళు గోడలను పట్టుకుని ఉన్నాయి కాబట్టి ఆ గోడలింకా నిలబడ్డాయి. పెద్దవాళ్ళకు బ్యాటరీ బండి దొరుకుతుంది, దిగగానే దాని కోసం వరుసలో నిలబడండి. వారంలో ఒక రోజు ఆ దీవి మూస్తారు, ముందే కనుక్కోండి.

26 గురించి ఒక మాట. మనకది క్రిస్మస్ మర్నాడు. వాళ్ళకది సునామీ రోజు. 2004లో ఆదివారం పొద్దున ఆరున్నరకు భూమి కదిలింది. అన్నిటికన్నా ఎక్కువ దెబ్బ తిన్నది దక్షిణాన నికోబార్. అక్కడివాళ్ళు చాలావరకు క్రైస్తవులు, పండగకు ఊళ్ళు చేరుకున్న రోజులవి. పోర్ట్ బ్లెయిర్ పక్కన సిప్పీఘాట్‌లో నేల కుంగి వరిపొలాల్లోకి ఉప్పునీరు వచ్చింది, ఆ నీరు మళ్ళీ వెనక్కి పోలేదు. రోడ్డు మీద వెళ్తుంటే మీకు ఆ మోడుచెట్లు కనిపిస్తాయి. మీ డ్రైవరు తనంతట తాను చెబితే వినండి. కారులో కూర్చుని ‘ఎంత ఎత్తు అల వచ్చింది’ అని సరదాకు మాత్రం అడగకండి.

ఆ రోజే దీవికి బయలుదేరండి. నా ఓటు నీల్‌కు. చిన్న దీవి, చదునైన నేల, ఒక కొస నుంచి ఇంకో కొసకు ఆటోలో అర్ధగంట కూడా పట్టదు. తూర్పు బెంగాల్ నుంచి వచ్చినవాళ్ళకు ఇచ్చిన ఊళ్ళవి, పేర్లన్నీ రామాయణమే: భరత్‌పూర్, లక్ష్మణ్‌పూర్, సీతాపూర్. జెట్టీ పక్కనే భరత్‌పూర్ తీరం. మీ అన్నయ్యకు చెప్పవలసిన జవాబు అక్కడుంది. చింతపల్లిలోనైనా, మా బారువలోనైనా నాలుగడుగులు వేస్తే నేల జారిపోతుంది, అల వచ్చి మోకాలి వెనక కొడుతుంది. ఏడేళ్ళ పిల్లను అక్కడ దింపగలరా? భరత్‌పూర్లో బయట పగడపు దిబ్బ అలను విరగ్గొడుతుంది. లోపల నీళ్ళు మోకాలి లోతున కదలకుండా ఉంటాయి, కాలివేళ్ళ గోళ్ళు కూడా కనిపిస్తాయి. అంత దూరం వెళ్ళేది ఆ నీళ్ళ కోసం.

కానీ ఆటుపోట్లు చూసుకోవాలి. ఆటు సమయంలో నీరు చాలా దూరం వెనక్కి పోయి పగడపు రాళ్ళు బయటపడతాయి. ఈత కొట్టడానికి కుదరదు, కాలు తెగుతుంది. పోటు మీద ఉన్నప్పుడు దిగాలి. పౌర్ణమి, అమావాస్య దగ్గరైతే తేడా ఇంకా ఎక్కువ. లక్ష్మణ్‌పూర్లో రాతి వంతెన చూడాలంటే మాత్రం ఆటు సమయమే కావాలి. అది మీరూ పిల్లలూ వెళ్ళండి, మీ అత్తగారిని ఆ పాచి రాళ్ళ మీదికి తీసుకెళ్ళకండి. ఆవిడకు భరత్‌పూర్లో అడుగున అద్దం బిగించిన పడవ ఉంటుంది. తడవకుండానే పగడాలు చూడవచ్చు. పడవలోకి దించేటప్పుడు ఇద్దరు పట్టుకోవాలి.

మొసళ్ళున్నాయన్న బోర్డు కనిపిస్తే నమ్మండి. ఉప్పునీటి మొసళ్ళు మడ అడవుల కాలువల్లో ఉంటాయి, అప్పుడప్పుడు తీరానికి వస్తాయి. గవ్వలు, చచ్చిన పగడపు ముక్కలు కూడా ఏరి సంచిలో వేసుకోకూడదు. విమానాశ్రయంలో సామాను తనిఖీ చేసి పట్టుకుంటారు, పిల్లలకు ముందే చెప్పండి.

నాగావళి గాలి (శ్రీకాకుళం):

బారువ తీరం గారూ, మీరు చెప్పినవన్నీ ఒప్పుకుంటాను, హేవ్‌లాక్ విషయం తప్ప. పోయిన క్రిస్మస్‌కు మా అమ్మతో వెళ్ళి వచ్చాను. అంత దూరం వెళ్ళి అక్కడి రాధానగర్ బీచ్ చూడకుండా రావడం అన్యాయం. ఆసియాలో మేటి బీచ్ అని టైమ్ పత్రిక 2004లో రాసింది దాన్నే. మన రుషికొండకు 2020లో, శుభ్రమైన తీరాలకిచ్చే బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చినప్పుడే దీనికీ వచ్చింది. బట్టలు మార్చుకునే గదులు, శుభ్రమైన మరుగుదొడ్లు ఉన్నాయి. పెద్ద వయసువాళ్ళతో ప్రయాణం చేసేవాళ్ళకు ఆ చివరిదే అన్నిటికన్నా ముఖ్యమని నేను అనుభవం మీద చెబుతున్నాను. పెద్ద చెట్ల నీడ ఇసుక దాకా వస్తుంది. అమ్మ పొద్దున తొమ్మిదింటికి ఆ నీడలో కూర్చుని పొద్దు గూకాక లేచింది. పడమటి తీరం కాబట్టి సూర్యుడు నీళ్ళలోకే దిగుతాడు, మన తీరంలో అది దొరకదు కదా.

గంటస్తంభం గారూ, మరికొన్ని చిన్న సంగతులు. హేవ్‌లాక్, నీల్ రెండింట్లోనూ వంట ఎక్కువగా బెంగాలీ వాళ్ళది. చేపల కూర బాగుంటుంది. అయితే ఆవనూనె వాసన మా అమ్మకు పడలేదు, వేరే నూనెతో చేయమంటే చేసిపెట్టారు. మేం తీసుకెళ్ళిన ఆవకాయ సీసా రెండో రోజుకే ఖాళీ అయింది, పక్క గదిలో దిగిన రాజాం వాళ్ళకు కూడా పెట్టాం మరి. నగదు పోర్ట్ బ్లెయిర్లోనే తీసుకుని వెళ్ళండి. దీవుల్లో ఏటీఎంలు తక్కువ, పండగ రోజుల్లో ఖాళీ అవుతాయి, సిగ్నల్ లేక ఫోనుతో చెల్లింపు ఆగిపోతుంది. ఆటోవాళ్ళతో రోజంతటికీ ఒకే మాట మాట్లాడుకోవడం మేలు, ఎక్కడికక్కడ బేరమాడితే నోరు నొప్పి.

బారువ తీరం (సోంపేట):

అమ్మా నాగావళీ, రాధానగర్ గొప్పదే, కాదన్నవాడు లేడు. అయితే అక్కడ అలలుంటాయి. పదమూడేళ్ళవాడు ఊరుకోడు, ఈత రాదు. తల్లిదండ్రుల్లో ఒకరు ఒడ్డున నిలబడి ఈలలు వేస్తూ కూర్చోవాలి. జెట్టీ నుంచి రోడ్డు కూడా దూరం. నా లెక్క మీ అమ్మగారి గురించి కాదు, ఈ అయిదుగురి గురించి. ఈత వచ్చిన కుటుంబమైతే నేనూ హేవ్‌లాకే అనేవాడిని.

గంటస్తంభం (విజయనగరం):

అందరికీ చాలా ధన్యవాదాలు. రాత్రి ఇవన్నీ ఇంట్లో చదివి వినిపించాను. అత్తయ్య కళ్ళజోడు పెట్టుకుని ‘ఇంకోసారి చదువు’ అన్నది జంగ్లీఘాట్ సంగతి. నేను ముందు జైలు పేరా అనుకున్నాను. ఆవిడ చిన్నమ్మ కూతురి కుటుంబం మందస నుంచి పోర్ట్ బ్లెయిర్ వెళ్ళిపోయిందట, ఉత్తరాలు ఆగిపోయి చాలా ఏళ్ళయింది. ఇన్నేళ్ళలో మాకు ఆ మాట ఒక్కసారి కూడా చెప్పలేదు. ఈ రోజు పొద్దున్నే పాస్టరుగారి ఇంటికి తానే బయలుదేరారు, మోకాళ్ళ ఊసే లేదు.

బారాటాంగ్ కొట్టేశాం. ఏజెంటుకు చెబితే ‘అందరూ వెళ్తారు మేడమ్’ అన్నాడు. విమానం, పోర్ట్ బ్లెయిర్ గది మా వారే చూసుకుంటానన్నారు. దీవి విషయంలో ఇంట్లో రెండు పక్షాలు తేలాయి. పెద్దవాడూ వాళ్ళ నాన్నా హేవ్‌లాక్, నేనూ చిన్నదీ నీల్. అత్తయ్య ఓటు నీల్‌కు పడింది కాబట్టి అదే ఖాయం. పెద్దవాడు అలిగి కూర్చున్నాడు. ఈత రాకపోయినా పగడాలు చూడనిస్తారా? చిన్నదానికి బోటులో ఏ సీటు తీసుకోవాలి? ఈ రెండూ చెబితే ఇక మిమ్మల్ని విసిగించను.

బారువ తీరం (సోంపేట):

విసుగేమీ లేదమ్మా. మీ అత్తగారి చిన్నమ్మ కూతురి ఇంటిపేరు, మందసలో ఏ పల్లెనో నాకు విడిగా పంపండి. ఇక్కడ అందరికీ కనిపించేలా రాయకండి. మా తమ్ముణ్ణి వాకబు చేయమంటాను.

పెద్దవాడి అలక తీర్చండి. ఈత రాకపోయినా లైఫ్ జాకెట్, గాలి గొట్టం, ముఖానికి అద్దం పెట్టి, రబ్బరు రింగు పట్టుకోమని మనిషి పక్కనే ఈదుతూ తీసుకెళ్తాడు. నోటితో గాలి పీల్చడం ఒడ్డున మోకాలి లోతులో ముందు అలవాటు చేయమనండి. తొందరపెట్టే మనిషైతే ఇంకొకరిని చూసుకోండి. పగడం మీద కాలు పెట్టకూడదని మాత్రం గట్టిగా చెప్పండి. వాడి కాలు తెగుతుంది, పగడం చస్తుంది. కళ్ళజోడు ఉన్న పిల్లవాడైతే ముందే చెప్పండి, ఆ అద్దం కింద జోడు పట్టదు.

చిన్నదానికి నా మాటైతే ప్రభుత్వ బోటు. ప్రైవేటు బోట్లు వేగంగా వెళ్తాయి, ఏసీ ఉంటుంది, కానీ చాలావాటిలో సీట్లో కూర్చున్నాక కదలనివ్వరు, కిటికీ తెరుచుకోదు. ప్రభుత్వ బోటు ఫీనిక్స్ బే జెట్టీ నుంచి కదులుతుంది. పైడెక్కు మీద గాలి తగులుతుంది, దూరంగా గీతలా కనిపించే నీటి అంచును చూస్తూ నిలబడితే కడుపు తిప్పదు. ఎక్కే చోట పలక ఊగుతుంది, మీ అత్తగారి చెయ్యి బోటు సిబ్బంది పట్టుకుంటారు, అడగండి. చిక్కేమిటంటే ఆ టికెట్లు ప్రయాణానికి కొద్ది రోజుల ముందు మాత్రమే ఇస్తారు, దీవుల వాళ్ళకు ముందు చోటిస్తారు, పండగ వారంలో క్షణాల్లో అయిపోతాయి. అందుకని వెళ్ళేటప్పటికి ప్రైవేటు బోటులో మధ్య వరసలో సీట్లు ఇప్పుడే తీసుకుని, వచ్చేటప్పటికి ప్రభుత్వ బోటుకు ప్రయత్నించండి. వాంతుల మాత్ర ఏది, ఎంత వేయాలో మీ పిల్లల డాక్టరును అడిగి, ఎక్కడానికి అర్ధగంట ముందు వేయండి. పొద్దున ఒక ఇడ్లీ పెట్టండి, ఖాళీ కడుపుతో ఎక్కించకండి, పాలు మాత్రం వద్దు. టికెట్లలో పేర్లు ఆధార్‌లో ఉన్నట్టే రాయించండి. జెట్టీ గేటు దగ్గర ఒక్క అక్షరం తేడా ఉన్నా పక్కన నిలబెడతారు.